1971 యుద్ధానికి వెళ్లిన మా నాయన డిశ్చార్జ్ బుక్‌లో పూర్వీ స్టార్ లేదు. ఇప్పుడు ఎక్కించుకోవచ్చా?

కంభం చెరువు:

అందరికీ నమస్కారం. మిలిటరీ రికార్డుల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని చూసి అడుగుతున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా వైపు ఏ ఊళ్లో చూసినా మిలిటరీకి పోయినవాళ్లు కనపడతారు. నాయన 1967లో ఆర్మీ ఇంజనీర్స్‌లో సాపర్‌గా చేరాడు. 1984లో నాయక్‌గా పెన్షన్ మీద వచ్చాడు. 1971 యుద్ధానికి తూర్పు వైపు పోయాడు. ఆయన నోటితో ఈ సంగతి విన్నది తక్కువ, మా అమ్మకు చెబితే ఆమె మాకు చెప్పిందే ఎక్కువ. అగర్తలా దగ్గర బార్డర్ దాటారట. అశుగంజ్‌లో మేఘనా నది మీద రైలు బ్రిడ్జిని పాకిస్తాన్ వాళ్లు పేల్చేసి పోతే, మనవాళ్లని హెలికాప్టర్లలో అవతలికి దించారు కదా, అప్పుడు ఇవతలి ఒడ్డున పడవలకి సామాను ఎక్కించిన వాళ్లలో ఈయన ఒకడు.

విషయం ఏంటంటే, సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్‌లో మెడల్స్ రాసే చోట మూడే ఉన్నాయి. సైన్య సేవా మెడల్, స్వాతంత్ర్యం 25 ఏళ్ల మెడల్, తొమ్మిదేళ్ల లాంగ్ సర్వీస్ మెడల్. 1971లో తూర్పు రంగంలో పనిచేసినవాళ్లకి ఇచ్చే పూర్వీ స్టార్ లేదు, ఆ యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకి ఇచ్చే సంగ్రామ్ మెడల్ లేదు. నీలం సిరాతో ఎవరో గుండ్రంగా మూడు పేర్లు రాసి, మిగతా ఖాళీ మీద అడ్డంగా ఒక గీత కొట్టేశారు. ఆ గీత చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకు లేవని నాయనను అడిగితే ఆయన చెప్పేది ఇది. యుద్ధం ముందు ఆయన సొంత కంపెనీ (ఆర్మీ దళం) ఇంకెక్కడో ఉంది. నవంబర్‌లో కొంతమందిని ఏరి వేరే కంపెనీకి తాత్కాలికంగా అటాచ్ చేసి పంపారు. యుద్ధం అయిపోయాక జ్వరం వచ్చి మిలిటరీ ఆసుపత్రిలో పడ్డాడు. బాగయ్యేసరికి ఆ కంపెనీ వెళ్లిపోయింది, ఈయనను మూడో చోటికి పోస్టింగ్ చేశారు. మెడల్స్ పంచినప్పుడు ఆ కొత్త చోట అడిగితే "నువ్వు వార్‌లో మాతో లేవు కదా, అక్కడ అడుగు" అన్నారట. అక్కడికి ఉత్తరం రాస్తే జవాబు లేదు. "పోతే పోనీలే" అని వదిలేశాడు.

ఇన్నేళ్లకి ఎందుకంటారా? పోయిన విజయ్ దివస్‌కి (డిసెంబర్ 16) మా మండలంలో 1971 వాళ్లని స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. నాయన లేచి ముందుకు పోతుంటే, వయసులో చాలా చిన్నవాడు ఒకడు ఈయన ఛాతీ వైపు చూసి "పెద్దాయనా, స్టార్ ఉన్నోళ్లే రావాలి" అన్నాడు. నాయన తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక కూడా ఏమీ అనలేదు. నేనే ఊరుకోలేకపోతున్నాను.

నెట్‌లో వెతికితే డీడీ 214 సరిచేయించుకోవాలి అని వస్తోంది, అది మనదేనా? మా టౌన్‌లో ఒకాయన పదిహేను వేలిస్తే చేయించుకొస్తా అంటున్నాడు. మా తమ్ముడేమో సికింద్రాబాద్‌లో మిలిటరీ సామాన్ల షాపులో కొనేస్తే సరిపోయె కదా అంటాడు. అసలు దారి ఏంటి? ఇది వస్తే పెన్షన్ ఏమైనా మారుతుందా? దరఖాస్తు నేను పెట్టొచ్చా, ఆయనే పెట్టాలా? ఆయనకి చెవులు సరిగా వినపడవు, ఆఫీసుల చుట్టూ తిప్పలేను.

నేవీ కోడలు, విశాఖ:

మా మామగారు నేవీ. ఆయన సర్వీస్ సర్టిఫికెట్‌లో ఒక మెడల్ ఎంట్రీ పడలేదని మేమూ కొంతకాలం తిరిగాం. నేవీ నావికులకైతే ముంబై మాన్‌ఖుర్ద్‌లో చీతా క్యాంప్‌లో ఉండే బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌కి రాయాలి. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకి ఢిల్లీ సుబ్రొతో పార్క్. ఆర్మీకి అలా ఒకే చోటు ఉండదు, ఏ రెజిమెంట్‌కి ఆ రికార్డ్ ఆఫీసు. మీ నాన్నగారిది ఏదో చూసుకోండి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం నుంచి ఫార్వర్డింగ్ లెటర్ పెట్టిస్తే ఉత్తరానికి జవాబు త్వరగా వస్తుంది, మాకు అలాగే వచ్చింది. ఆ పదిహేను వేలాయనకి మాత్రం దండం పెట్టేయండి.

ఊరికే అడుగుతున్నా:

ఏమీ అనుకోకండి. పెద్దాయనకి ఎనభై దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు ఈ మెడల్ వచ్చి ఏం చేస్తుంది? ఆయనే వదిలేశానన్నారు కదా. ఈ టెన్షన్ మీకెందుకు?

కంభం చెరువు:

వదిలేశానని ఆయన అన్నాడు. కానీ డిశ్చార్జ్ బుక్ ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి బీరువాలో పట్టుచీరల కింద పెడతాడు. ఎవరైనా అడిగితే ముందు ఆ గీత ఉన్న పేజీయే తీస్తాడు. వదిలేసినవాడు అలా చేయడు.

పాత క్లర్క్ బాబు:

అమ్మా, నేను ఆర్మీలో క్లర్క్‌గా చేరి సుబేదార్‌గా దిగినవాణ్ణి. ఆఖరి కొన్నేళ్లు ఒక రికార్డ్ ఆఫీసులోనే గడిచాయి. మీలాంటి ఉత్తరాలు రోజూ వచ్చే బల్ల వెనక కూర్చున్నాను కాబట్టి, ఏ ఉత్తరానికి పని జరుగుతుందో, ఏది ఫైల్లో పడి నిద్రపోతుందో కొంచెం తెలుసు.

ముందు చిన్న సంగతులు తేల్చేస్తాను. డీడీ 214 అమెరికా వాళ్ల డిశ్చార్జ్ కాగితం. అందులో తప్పుంటే వాళ్లు డీడీ 215 అని ఇంకో కాగితం ఇస్తారు. మనకి దాంతో సంబంధమే లేదు, ఆ ఫారాలు నింపి టైం వృథా చేసుకోకండి. పెన్షన్ పైసా పెరగదు. నెలనెలా డబ్బు వచ్చేది వీరచక్ర, సేనా మెడల్ లాంటి శౌర్య పురస్కారాలకి. పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ లాంటివి "ఈ మనిషి అక్కడ ఉన్నాడు" అని చెప్పేవి, అంతే. ఆ అంతే అన్నది చిన్న విషయం కాదని మీ నాన్నగారిని చూస్తే తెలుస్తోంది. ఇక సికింద్రాబాద్ షాపు. మెడల్ అక్కడ దొరికే మాట నిజం. సర్వీసులో ఉన్నవాళ్లు కూడా కొనుక్కుంటారు, ప్రభుత్వం ఇచ్చేది ఆలస్యమవుతుంది కాబట్టి. కాకపోతే రికార్డులో హక్కు ఉన్నవాడు నకలు కొనుక్కోవడం వేరు, రికార్డులో లేనిది ఛాతీ మీద పెట్టుకోవడం వేరు. మీ తమ్ముణ్ణి ఆగమనండి.

ఇప్పుడు అసలు విషయం. "మెడల్ రాలేదు" అని వచ్చే ఉత్తరాల్లో మూడు వేరు వేరు జబ్బులు ఉంటాయి. మెడల్ మంజూరై షీట్ రోల్‌లో, అంటే రికార్డ్ ఆఫీసులో ఉండే ఆ మనిషి అసలు సర్వీసు రికార్డులో, ఎక్కి ఉంటుంది, కానీ మనిషి చేతికి చేరదు, డిశ్చార్జ్ బుక్‌లోకి దిగదు. ఇది తేలిక. రెండోది, అసలు ఎక్కడా ఎక్కకపోవడం. ఇది కష్టం. మూడోది, వచ్చి పోగొట్టుకోవడం, దానికి డూప్లికేట్ పద్ధతి వేరే ఉంది, మీకు అక్కర్లేదు. మీ దగ్గరున్న డిశ్చార్జ్ బుక్ అసలు రికార్డు కాదమ్మా. మనిషి ఇంటికి పోయే ముందు షీట్ రోల్ చూసి ఎవరో క్లర్క్ రాసిచ్చిన సారాంశం. రాసేవాడు సాయంత్రం లోపల ఎన్నో బుక్కులు రాయాలి. కాబట్టి ఆ గీతను చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. షీట్ రోల్ ఏమంటోందో ముందు తెలుసుకోవాలి.

ఎందుకు తప్పిపోయిందన్నది మీ నాయన చెప్పిన మాటల్లోనే ఉంది. యుద్ధం డిసెంబర్ 3న మొదలై, ఢాకాలో 16న లొంగుబాటు అయింది. మెడల్స్ అప్పటికప్పుడు పంచినవి కావు. తర్వాత వాటికి నోటిఫికేషన్లు వచ్చి, ఆ తర్వాత యూనిట్లు ఎవరెవరికి అర్హత ఉందో పేర్ల జాబితా, అదే నామినల్ రోల్, తయారు చేసి పంపాలి. ఈ లోపల మనుషులు చెదిరిపోయారు. ఎవరు ఎవరి జాబితాలో రావాలి? సొంత కంపెనీ క్లర్క్ "అతను అటాచ్‌మెంట్ మీద పోయాడు, అక్కడివాళ్లు చూసుకుంటారు" అనుకుంటాడు. అటాచ్ అయిన కంపెనీ క్లర్క్ "మన పోస్టెడ్ స్ట్రెంగ్త్‌లో (మన లెక్కలోని మనుషుల్లో) లేడు" అనుకుంటాడు. కొత్త యూనిట్‌కి యుద్ధంతో సంబంధమే లేదు. ఆసుపత్రి నుంచి పోస్టింగ్ మారినవాడు, ఆ మధ్యలో కోర్సుకి పోయినవాడు, అటాచ్‌మెంట్ మీద ఉన్నవాడు, ఈ ముగ్గురూ పెళ్లి పందిట్లో రెండు బంతుల మధ్య నిలబడిపోయిన చుట్టం లాంటి వాళ్లు. ఎవరి ఆకూ వీళ్లకి పడదు.

మేఘనా ఒడ్డు కథ విని నాకు సంతోషంగా ఉంది. కానీ దరఖాస్తులో అది రెండు వాక్యాలకి మించకూడదు. బల్ల మీద ఉన్నవాడికి కథ పనికిరాదు, తారీఖు కావాలి. ఏ యూనిట్ నుంచి ఏ యూనిట్‌కి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అటాచ్‌మెంట్, ఏ ఆసుపత్రి, ఎప్పుడు డిశ్చార్జ్. ఆర్మీలో మనిషికి ఏం జరిగినా యూనిట్ ఒక పార్ట్ టూ ఆర్డర్ పబ్లిష్ చేస్తుంది. పెళ్లైనా, కూతురు పుట్టినా, వేరే చోటికి పంపినా, ఆసుపత్రిలో చేరినా. మీరు పుట్టిన సంగతి కూడా ఏదో పార్ట్ టూ ఆర్డర్‌లో ఉండే ఉంటుంది. అటాచ్‌మెంట్‌కి కూడా అలాంటిది ఉండాలి. దాని నంబర్ దొరికితే సగం పని అయినట్టే.

చేయాల్సింది చెప్తాను. మీ నాన్నగారిది ఏ ఇంజనీర్ గ్రూపో మీరు రాయలేదు. మద్రాస్ గ్రూప్ అయితే రికార్డ్స్ బెంగళూరులో, బాంబే గ్రూప్ అయితే పుణె పక్కన ఖడ్కీలో, బెంగాల్ గ్రూప్ అయితే రూర్కీలో. చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్స్), ఆర్డినెన్స్ వాళ్లకి సికింద్రాబాద్, ఆర్టిలరీకి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కి జబల్‌పూర్, మద్రాస్ రెజిమెంట్‌కి వెల్లింగ్టన్. ముందు సమాచార హక్కు చట్టం కింద షీట్ రోల్ కాపీ అడగండి. ఫీజు పది రూపాయలు. ఆన్‌లైన్‌లో రక్షణ శాఖ కింద ఇండియన్ ఆర్మీని ఎంచుకుని పెట్టొచ్చు. దరఖాస్తు ఆయన పేరుతోనే ఉండాలి. మీ పేరుతో పెడితే వేరేవాళ్ల వ్యక్తిగత సమాచారం అని తిరగ్గొట్టే అవకాశం ఉంది. టైప్ చేసేది మీరు, మనిషి ఆయన. ఆయన ఎక్కడికీ తిరగక్కర్లేదు.

ఇంకొక పని ఈ రాత్రికే చేయండి. ఉన్న మెడల్స్ తీసి అంచు చూడండి. ముఖం కాదు, అంచు. దాని మీద నంబర్, ర్యాంక్, పేరు చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చదివి, డిశ్చార్జ్ బుక్‌లో ఉన్న నంబర్‌తో ఒక్కో అంకె సరిచూడండి.

మాధవరం మనవడు:

పాత క్లర్క్ బాబు గారూ, పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ల సంగతి కూడా చెప్పండి. మాది తాడేపల్లిగూడెం పక్కన మిలిటరీ మాధవరం. మా పెదతాత 1965 యుద్ధం చూసి, ఏడెనిమిదేళ్లకే సొంత రిక్వెస్ట్ మీద వచ్చేశాడు. సమర్ సేవా స్టార్ రావాలని మా పెదనాన్న సమాచార హక్కు కింద అడిగితే "డాక్యుమెంట్లు గడువు తీరి నాశనం చేయబడ్డాయి" అని జవాబు వచ్చింది. నిజంగా కాల్చేస్తారా?

పాత క్లర్క్ బాబు:

చేస్తారు బాబూ. పెన్షన్ లేనివాళ్ల సర్వీస్ డాక్యుమెంట్లు 25 ఏళ్లు ఉంచి తర్వాత నాశనం చేయొచ్చని ఆర్మీ రెగ్యులేషన్స్‌లో 595వ పేరా ఉంది. అది ఎవరి కుట్రా కాదు, గోదాములు పట్టవు. అయినా లాంగ్ రోల్ అని ఒక పెద్ద రిజిస్టర్ ఉంటుంది. అందులో మనిషికి ఒకటి రెండు లైన్లు మిగులుతాయి. చేరిన తేదీ, దిగిన తేదీ, కారణం, కొన్నిసార్లు మెడల్స్ కూడా. మీ పెదనాన్నగారిని "షీట్ రోల్" అని కాకుండా "లాంగ్ రోల్ ఎక్‌స్ట్రాక్ట్" అని మళ్లీ అడగమనండి. అడిగిన మాటకే జవాబిస్తారు, అడగని దాని గురించి ఎవరూ చెప్పరు.

దాంతో ఆయన పలానా రోజుల్లో సర్వీసులో ఉన్నాడని తేలుతుంది, యుద్ధ ప్రాంతంలో ఉన్నాడని తేలకపోవచ్చు. దానికి యూనిట్ వార్ డైరీ ఉపయోగపడుతుంది. పాత వార్ డైరీలు రక్షణ శాఖ హిస్టరీ డివిజన్‌కి చేరతాయి, 25 ఏళ్లు దాటినవాటిని బయటపెట్టాలని 2021లో ఒక పాలసీ కూడా వచ్చింది. కానీ వార్ డైరీలో సిపాయి పేరు వెతక్కండి, దొరకదు. ఏ రోజు యూనిట్ ఎక్కడుందో దొరుకుతుంది. మనిషి ఆ యూనిట్‌లో ఉన్నట్టు ఒక కాగితం, యూనిట్ ఆ చోట ఉన్నట్టు ఇంకో కాగితం, ఈ రెండూ కలిపి పెట్టాలి. చనిపోయినవారి తరఫున భార్యో కొడుకో సంబంధం రుజువు చేసే కాగితం జత చేసి అడగాలి.

కంభం చెరువు:

సుబేదార్ గారూ, మీరు చెప్పినట్టే చూశాను. మా పిల్లవాడి ఫోన్‌లో జూమ్ చేసి ఫోటో తీస్తే కానీ అక్షరాలు తెలియలేదు. సైన్య సేవా మెడల్ అంచు మీద ఉన్న నంబర్‌లో చివరి రెండు అంకెలు తారుమారుగా ఉన్నాయి! ఆ తర్వాత ఎస్‌పీఆర్ (సాపర్) అని, ఆయన పేరు. మిగతా రెండు మెడల్స్ మీద నంబర్ సరిగ్గానే ఉంది. నాయనకి చూపిస్తే "నాకేం తెలుసు, అంచు ఎవరు చూస్తారు" అన్నాడు. ఇన్నేళ్లు ఆయన ఇంట్లో వేరేవాడి నంబర్ ఉందన్నమాట.

ఇంకో సంగతి. డిశ్చార్జ్ బుక్‌లో నంబర్ చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంది. మెడల్ మీద ఆ అక్షరం లేదు. ఇది కూడా తప్పేనా?

పాత క్లర్క్ బాబు:

అక్షరం లేకపోవడం తప్పు కాదు. పాత మెడల్స్ చాలావాటి మీద ఉండదు. ఆ అక్షరాన్ని అంకెల్ని బట్టి లెక్క కట్టి వేస్తారు. రెండు అంకెలు తారుమారైతే ఆ అక్షరం సరిపోదు. తప్పులు పట్టుకోవడానికే అది పెట్టింది. కాబట్టి ఏ నంబర్ సరైనదో రికార్డ్ ఆఫీసువాళ్లు క్షణంలో తేల్చగలరు.

అంకెలు మారడం మాత్రం పనికొచ్చే ఆధారం. ఒక జాబితాలో మీ నాన్నగారి నంబర్ తప్పుగా టైప్ అయిందంటే ఇంకో జాబితాలో కూడా అయి ఉండొచ్చు. పూర్వీ స్టార్ జాబితాలో తప్పు నంబర్‌తో పేరు వెళితే, అది ఆ నంబర్ ఉన్న మనిషి షీట్ రోల్‌లో పడాలి. అక్కడ పేరు కలవదు, క్లర్క్ పక్కన పెట్టేస్తాడు. ఇలాంటివి నేను చూశాను. దానికి తోడు మన తెలుగు పేర్లు. ఇంటిపేరు ముందు రాస్తాం, ఉత్తరాది క్లర్క్ దాన్నే అసలు పేరనుకుంటాడు, అసలు పేరుని రెండు ముక్కలు చేస్తాడు, "లు" ఎగిరిపోతుంది. మీ నాన్నగారి పేరు ఆధార్‌లో, పెన్షన్ ఆర్డర్‌లో, డిశ్చార్జ్ బుక్‌లో ఒకేలా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ ఒకటి ముందే చేయించి పెట్టుకోండి.

సమాచార హక్కు దరఖాస్తులో ఇంత రాస్తే చాలు: "నా షీట్ రోల్ పూర్తి కాపీ, 1971 నవంబర్ నుంచి 1972 డిసెంబర్ వరకు నా పోస్టింగ్, అటాచ్‌మెంట్, ఆసుపత్రి వివరాలకి సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్ల నంబర్లు, తేదీలు, నా పేరు మీద నమోదైన మెడల్స్ జాబితా, వాటిలో ఏవి ఏ తేదీన నాకు పంపారో ఆ వివరం." ఎందుకు ఇవ్వలేదు, ఎవరు బాధ్యులు అని రాయొద్దు. అలాంటి ప్రశ్నకి ఆ చట్టం కింద జవాబు రాదు, పైగా చదివేవాడికి కోపం వస్తుంది. దీన్ని ఇంగ్లీషులో పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చింది అసంపూర్తిగా ఉంటే, ఫస్ట్ అప్పీల్ వేయండి, దానికి ఫీజు ఉండదు.

ఊరికే అడుగుతున్నా:

నేను ఎందుకని అడిగినవాణ్ణి. ఇప్పుడు నాకే జవాబు ఏమొస్తుందో అని ఆత్రంగా ఉంది. అప్‌డేట్ తప్పకుండా పెట్టండి.

కంభం చెరువు:

అప్‌డేట్. జవాబు వచ్చింది. ఫోటోకాపీలు, కొన్ని పేజీలు మసకగా ఉన్నాయి కానీ చదవొచ్చు.

సుబేదార్ గారూ, మీరన్న మూడు జబ్బుల్లో రెండు మా నాయనకే ఉన్నాయి. సంగ్రామ్ మెడల్ షీట్ రోల్‌లో ఎక్కి ఉంది! పార్ట్ టూ ఆర్డర్ నంబర్‌తో సహా. పంపిన తేదీ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. అంటే ఇన్నేళ్లుగా ఆయనకి ఉన్నట్టే, లేనట్టే. డిశ్చార్జ్ బుక్ రాసినాయన అది చూడకుండా గీత కొట్టాడు.

పూర్వీ స్టార్ ఎక్కడా లేదు. కానీ 1971 నవంబర్‌లో అటాచ్‌మెంట్ మీద వేరే కంపెనీకి పంపినట్టు ఎంట్రీ ఉంది, ఆ కంపెనీ పేరు ఉంది. జనవరిలో మిలిటరీ ఆసుపత్రిలో చేరినట్టు ఉంది. అటాచ్‌మెంట్ ముగిసినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆ పేజీ నాయన చేతికిస్తే, కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కో లైను మీద పోతూ ఆసుపత్రి దగ్గర ఆగి, "ఇక్కడే, పక్క మంచం మీద కర్నూలు పిల్లోడు ఉండె, వాడి కాలు తీసేసిరి" అన్నాడు. మాకు ఎప్పుడూ చెప్పని మాట. తర్వాత చాలాసేపు ఆ పిల్లోడి గురించే మాట్లాడాడు, మెడల్ ఊసే లేదు.

ఇప్పుడు ఏం రాయాలి? రెండూ కలిపి ఒకే దరఖాస్తు పెట్టమంటారా?

పాత క్లర్క్ బాబు:

చాలా సంతోషం తల్లీ. కలపొద్దు. రెండు దరఖాస్తులు, రెండు కవర్లు. కలిపితే కష్టమైన దానికోసం తేలికైనది కూడా ఆగిపోతుంది. ఒక ఫైలు ఇద్దరు ముగ్గురి బల్లల మీద తిరిగితే ఎక్కడో ఒక చోట కూర్చుంటుంది.

మొదటిది సంగ్రామ్ మెడల్‌కి. ఇది నాలుగు లైన్లే. పలానా పార్ట్ టూ ఆర్డర్ ప్రకారం నాకు మంజూరైంది, అందలేదు, దయచేసి పంపండి, డిశ్చార్జ్ బుక్‌లో ఎంట్రీ చేయండి. షీట్ రోల్ ఆ పేజీ జత. మెడల్ స్టాక్ లేదని జవాబు వస్తే కంగారు పడకండి, ఆర్మీలో మెడల్స్ కొరత ఏళ్ల తరబడి ఉండేది. లోహం ఆలస్యమైనా పర్వాలేదు, ఎంట్రీ ముందు అడగండి. ఎంట్రీ ఉంటే మీ తమ్ముణ్ణి ధైర్యంగా సికింద్రాబాద్ పంపొచ్చు, వచ్చే డిసెంబర్‌కి పెద్దాయన నకలు పెట్టుకుని పోవచ్చు.

రెండోది పూర్వీ స్టార్‌కి. రికార్డ్స్ ఆఫీసర్ ఇన్‌చార్జ్ పేరుతో, మీ సైనిక సంక్షేమ అధికారి ఫార్వర్డింగ్‌తో. ముందు వాక్యంలోనే అడిగేది చెప్పండి. తర్వాత తారీఖులు: అటాచ్‌మెంట్ ఎప్పటి నుంచి, ఏ కంపెనీకి, ఆసుపత్రిలో ఎప్పుడు. ముగింపు ఎంట్రీ లేకపోవడం మీకే లాభం, నవంబర్‌లో మొదలై జనవరిలో ఆసుపత్రి దాకా మధ్యలో ఇంకెక్కడికీ పంపినట్టు లేదంటే డిసెంబర్ అంతా ఆ కంపెనీతోనే ఉన్నట్టు. ఆ కంపెనీ ఆ రోజుల్లో తూర్పు రంగంలో ఉన్నట్టు వాళ్ల రికార్డులతోనే సరిచూడమని కోరండి. ఆ కంపెనీవాళ్లకి పూర్వీ స్టార్ వచ్చిన జాబితాలో తారుమారు నంబర్‌తో ఈ పేరు ఉందేమో చూడమని విడిగా ఒక పేరా రాయండి. సైన్య సేవా మెడల్ అంచు ఫోటో పెద్దది చేసి జత చేయండి, మెడల్ మాత్రం పంపకండి. ఆ కంపెనీలో ఆయనతో ఉన్నవాళ్లు ఎవరైనా బతికి ఉంటే, పూర్వీ స్టార్ ఉన్నవాళ్లయితే, వాళ్ల నంబర్, పేరుతో ఒక అఫిడవిట్ కూడా. అది లేకపోయినా ఆగొద్దు.

డిశ్చార్జ్ బుక్ ఒరిజినల్ వాళ్లు అడిగితేనే పంపండి, అన్ని పేజీలూ స్కాన్ చేసుకున్నాకే. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి స్పీడ్ పోస్టే, రసీదు దాచండి. ఆ గీత మీద మీరెవరూ పెన్ను పెట్టొద్దు. ఒక్క చుక్క పడినా దిద్దుబాటు అంటారు. దాన్ని కొట్టేసి కొత్త ఎంట్రీ రాసి ముద్ర వేయాల్సింది రికార్డ్స్ వాళ్లే.

కాదని రాతపూర్వకంగా జవాబు వస్తే ఆ కాగితం జాగ్రత్త. దాని మీద సైనికుల కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి పోవచ్చు, మన రెండు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కిందికి వస్తాయి. ఆరు నెలల గడువు ఉంటుంది. అక్కడిదాకా పోయే అవసరం రాదనే నా అంచనా, అటాచ్‌మెంట్ ఎంట్రీ ఉన్న కేసు కాదనడం కష్టం.

రెండింటి మీదా సంతకం ఆయనదే ఉండాలి, డిశ్చార్జ్ బుక్‌లో ఉన్న సంతకంతో కలవాలి. చేయి వణుకుతుంటే వేలిముద్ర వేయించి, గెజిటెడ్ ఆఫీసర్ చేత అటెస్ట్ చేయించండి. మీ ఫోన్ నంబర్ కింద రాయండి, ఆయనది వద్దు, వినపడదన్నారు కదా. ఆ కర్నూలు అబ్బాయి పేరు, నంబర్ ఏమైనా ఆయనకి గుర్తుందేమో కూడా ఒకసారి అడగండి. అతను కూడా అదే కంపెనీవాడైతే, కాలు పోయినవాడి రికార్డులు వికలాంగ పెన్షన్ కింద భద్రంగా ఉంటాయి. మీ నాన్నగారికి కావలసిన జాబితా ఏదో అతని ఫైల్లోంచే తెలుసుకోవచ్చు.